విజయనగరం రాజులు 1757లో ఫ్రెంచివాళ్లతో, మరుసటి ఏడాదే ఇంగ్లీషువాళ్లతో ఎందుకు చేరారు?

ఉత్తర కోస్తాలో బలం చేతులు మారింది కాబట్టి పొత్తూ మారింది. పెద్ద శక్తులు పోటీ పడుతుంటే చిన్న సంస్థానం గెలిచేవాడి పక్కకు జరగాలని చూస్తుంది.

1753లో నిజాం సలాబత్ జంగ్ ఈ ప్రాంతాన్ని, అంటే ఉత్తర సర్కార్లను, ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. శిస్తు, ఫిరంగులు రెండూ ఫ్రెంచి సేనాని బుస్సీ గుప్పిట్లోనే. అందుకే 1757 జనవరిలో విజయనగరం రాజు పెద విజయరామరాజు అతన్ని వెంటబెట్టుకుని బొబ్బిలి కోట మీదికి వెళ్లాడు. కోటైతే పడింది గానీ, బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు ఆ రాజును డేరాలోనే పొడిచి చంపాడు.

అదే ఏడాది ప్లాసీలో గెలిచి ఇంగ్లీషు సేనాని క్లైవు బెంగాల్‌లో పాతుకుపోయాడు. 1758లో ఫ్రెంచివాళ్లు బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నారు. కొత్త రాజు ఆనంద గజపతి వెంటనే క్లైవుకు కబురు పెట్టాడు. డిసెంబరులో క్లైవు పంపిన ఫోర్డు సేన చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించింది.

దీన్నంతా బొబ్బిలి, విజయనగరం ఇళ్ల పగగానే చెప్పుకుంటారు. పగ నిజమే, మరి ఫిరంగులు ఎవరివి? ఇంగ్లీషువాళ్లు శాశ్వత మిత్రులయ్యారన్నదీ పొరపాటే. 1794లో పేష్కషు (కంపెనీకి కట్టే కప్పం) బకాయిల గొడవలో పద్మనాభం దగ్గర విజయనగరం రాజును చంపింది వాళ్ల కంపెనీ సేనే.