ముందు ఊరి సంగతి కనుక్కో

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. అమెరికాలో, నెవార్క్‌లో మీ పక్కింటి పోర్చుగీసు పెద్దాయన మీద నీకెంత ఇష్టమో తెలుస్తూనే ఉంది. కానీ ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ కథలో నెవార్క్ అన్నచోటల్లా టొరంటో అని పెడితే ఇంకేమైనా మార్చాల్సి వస్తుందా? నాకైతే రాదనిపించింది.

ఆయనతో కలిపి అన్నదమ్ములు ముగ్గురు పోర్చుగల్ నుంచి మూడు ఊళ్ళకు వెళ్ళారని రాశావు, బావుంది, కానీ ముగ్గురి చేతా ఒకే ఏడుపు ఏడిపించావు. పెద్దవాణ్ణి అమెరికాలోనే న్యూ బెడ్‌ఫర్డ్ పంపావు కదా, అక్కడి తిమింగలాల వేట ఓడలు పంతొమ్మిదో శతాబ్దంలోనే పోర్చుగల్ వాళ్ళ అజోర్స్ దీవుల్లో ఆగి పనివాళ్ళని ఎక్కించుకునేవి. వేట పడిపోయాక నూలు మిల్లులు వచ్చాయి, 1928లో మిల్లు కూలీలు నెలల తరబడి సమ్మె చేశారు. అంటే వాడు దిగేసరికే ఆ ఊళ్ళో వాడి భాష మాట్లాడే తాతలున్నారు, చర్చి ఉంది, పాత గొడవలూ ఉన్నాయి. వాడికి ఒంటరితనం కంటే తనవాళ్ళ కళ్ళ ముందు బతకడమే పెద్ద టెన్షన్ అయి ఉండొచ్చు!

పారిస్ వెళ్ళినవాడిది వేరే లోకం. పోర్చుగల్ నియంత సలజార్ పాలన, 1961లో వాళ్ళ వలసరాజ్యం అంగోలాలో మొదలైన యుద్ధం, పట్టుకుపోయి సైన్యంలో వేస్తారన్న భయం. ఆ రోజుల్లో చాలామంది కాగితాల్లేకుండా స్పెయిన్, ఫ్రాన్స్ మధ్య ఉన్న పిరనీస్ కొండలు దాటారు. కొందరైతే ఫొటో రెండుగా చింపి సగం సరిహద్దు దాటించే దళారికిచ్చి, సగం జేబులో పెట్టుకుని బయల్దేరేవాళ్ళు, క్షేమంగా చేరాక ఆ సగం ఇంటికి పంపితే అప్పుడు దళారికి మిగతా డబ్బు. అంత కష్టపడి చేరేది ఎక్కడికంటే, పారిస్ శివారు షాంపిన్యీలో బురద మధ్య రేకుల గుడిసెలకి. వాళ్ళ చేత బిల్డింగులు కట్టించుకున్న నగరం వాళ్ళకి ఇల్లు చూపించలేదు. (మన 'మేస్త్రి' పోర్చుగీసు మాటే, తెలుసా?)

ఇక నీ పెద్దాయన. 1969లో వచ్చాడని ఒక్క ముక్క రాసి వదిలేశావు. అంతకు రెండేళ్ళ ముందే, 1967లో, నెవార్క్‌లో నల్లవాళ్ళ మీద పోలీసుల దౌర్జన్యంతో రేగిన అల్లర్లు జరిగాయి. తెల్లవాళ్ళు అంతకుముందు నుంచే శివార్లకు పోతున్నారు, ఆ తర్వాత ఇంకా ఎక్కువమంది పోయారు. అందరూ వదిలేసి పోతున్న ఊరికి ఈయన పెట్టె పట్టుకుని వచ్చాడు, చుట్టూ రైలు పట్టాలున్న ఐరన్‌బౌండ్ పేటలో ఇల్లు కొన్నాడు. ఆ ఇల్లు అమ్మినవాళ్ళెవరు? ఎందుకు పోయారు? పట్టాలకి అవతల ఉండే నల్లవాళ్ళని ఈయన ఏమనుకునేవాడు, వాళ్ళు ఈయన్నేమనుకునేవాళ్ళు? ఇవేవీ నీ కథలో లేవు, వంటలూ పాటలూ మాత్రం మూడు పేజీలున్నాయి. అవి ఒక పేజీకి తగ్గించు.

ఈ ఆదివారం ఆయన దగ్గర కూర్చుని, ఊరు గుర్తొస్తుందా అని మాత్రం అడక్కు. ఇల్లు ఎంతకు కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు అని అడుగు. తిరగరాశాక పంపించు.

మీ అన్నయ్య