ఆటల గ్రేడుని సగటులో కలపాలా?

ఎనిమిదో తరగతి చదువుతున్న మీ పాపకి అన్ని సబ్జెక్టుల్లో మంచి మార్కులే వచ్చినా, విజయనగరంలోని వాళ్ల స్కూలు వాళ్లు ఆటల గ్రేడు కూడా కలపడంతో సగటు పడిపోయిందని, ఇది న్యాయమేనా అని అడిగారు. నేను ఆమదాలవలస వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. కలపకూడదనే నా అభిప్రాయం. కలిపితే మన సబ్జెక్టుకి విలువ పెరుగుతుంది కదా అని తోటి పీఈటీలు నాతో వాదిస్తుంటారు. అయినా నా మాట అదే.

600 మీటర్ల పరుగు పెడతాం. ఇంటి దగ్గర పొలం పనులు చేసి, రోజూ నడిచి బడికొచ్చే పిల్ల చెప్పుల్లేకుండానే అందరికన్నా ముందు వచ్చేస్తుంది. అందులో నేను నేర్పిందేమీ లేదు. ఆయాసం ఉన్న పిల్ల సగంలో కూలబడిపోతుంది. అది ఆ పిల్ల తప్పు కాదు. మా బళ్లో ఒకమ్మాయి జూన్‌లో ఒక రౌండు కూడా పూర్తి చెయ్యలేకపోయేది. వాళ్ల నాన్న నా దగ్గరకొచ్చి, "మా గుంటకి పరుగు రాదు మాస్టారూ, దానికీ మార్కులు కోసేస్తారేటి?" అని బెంగపడ్డాడు. గ్రేడు మొత్తంలో కలవదని చెప్పాకే ధైర్యంగా గ్రౌండుకి పంపాడు. కాస్త నడక, కాస్త పరుగుగా మొదలుపెట్టించాను. సంక్రాంతి సెలవుల తర్వాత 600 మీటర్లూ ఆగకుండా పరిగెత్తింది, అందరికన్నా వెనకే అనుకోండి. ఆ ఏడాది ఆ తరగతిలో ఆమె కన్నా ఎక్కువ సాధించిన పిల్ల లేదు. స్టాప్‌వాచ్ చూసి వేస్తే మాత్రం ఆమెకి వచ్చేది చివరి గ్రేడే.

ఇంకో సంగతి. మన రాష్ట్రంలో పదో తరగతికి సబ్జెక్టుకి 20 చొప్పున ఇంటర్నల్ మార్కులు ఉండేవి. కొన్ని స్కూళ్లు అందరికీ ఇరవైకి ఇరవై వేసేస్తున్నాయని విమర్శలొచ్చి, 2019లో ప్రభుత్వం వాటిని తీసేసింది. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీదే వస్తుంది కాబట్టి, ఆటల మార్కులు కలిపితే వాటికీ అదే గతి పడుతుంది. సీబీఎస్‌ఈలో కూడా పదో తరగతిలో వ్యాయామ విద్యకి గ్రేడు ఇస్తారు గానీ మార్కుల్లో కలపరు. పదకొండు, పన్నెండు తరగతుల్లో దాన్ని సబ్జెక్టుగా తీసుకున్నవాళ్లకి మాత్రం 70 మార్కుల రాత పరీక్ష, 30 ప్రాక్టికల్ ఉంటాయి. అక్కడ కలపడం సబబే, ఎందుకంటే పిల్లలు కోరి తీసుకున్నది.

మా పక్కనున్న ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిందని, అందుకే మార్కులు ఉండాలని కొందరంటారు. అంతటి ఆట ఉన్నవాళ్లకి పోటీలున్నాయి, సర్టిఫికెట్లున్నాయి, స్పోర్ట్స్ కోటా ఉంది. డ్రిల్లు పీరియడు కావలసింది మిగతా పిల్లలకి.

మార్కులు లేకపోతే ఆ పీరియడు లెక్కల మాస్టారికి పోతుందన్న భయం నిజమే, నా కళ్ల ముందే పోయింది. అలాంటప్పుడు కాపాడుకోవలసింది పీరియడుని. ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు రెండు అడగండి: గ్రేడు విడిగా చూపిస్తూ, జూన్‌కీ ఇప్పటికీ పాపలో వచ్చిన మార్పు రాయగలరా? గత నెలలో ఆటల పీరియడ్లు నిజంగా ఎన్ని జరిగాయి?