పాఠకుల ప్రశ్నలు: గెలుపులు కాదు, ఓటముల గడి చూడండి

ప్రశ్న: అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో నేను అభిమానించే జట్టు 50 మ్యాచ్‌లలో 22 గెలిచి 28 ఓడింది. ఈ ఏటికి ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు: తొందరపడకండి. 2019లో వాషింగ్టన్ నేషనల్స్ మొదటి 50లో గెలిచింది 19, ఓడింది 31. అక్టోబరులో ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ ఆ జట్టుదే. మార్చి నెలాఖరు నుంచి సెప్టెంబరు నెలాఖరు దాకా 162 మ్యాచ్‌లు ఆడతారు. వంద గెలిచిన జట్టుని గొప్ప జట్టంటాం, అదీ 62 సార్లు ఓడినట్టే కదా! రోజువారీ ఫలితం పట్టుకుని కూర్చుంటే నిద్ర పట్టదు. ఒకే ప్రత్యర్థితో వరసగా ఆడే సిరీస్ లెక్కన చూడండి. ఎక్కువ సిరీస్‌లు మూడేసి మ్యాచ్‌లవి. మూడింట రెండు చొప్పున గెలుచుకుంటూ పోతే చివరికి 108 గెలుపులు.

ఆశకు ఆధారం ఉందో లేదో తేల్చడానికి పరుగుల లెక్క ఒకటుంది. జట్టు చేసిన పరుగుల వర్గం ఒకపక్క రాసుకోండి. దానికి ప్రత్యర్థులకు ఇచ్చిన పరుగుల వర్గం కలపండి. మొదటి అంకెను ఈ మొత్తంతో భాగించండి. 230 చేసి 215 ఇచ్చిన జట్టుకు 0.534 వస్తుంది. 50తో గుణిస్తే దాదాపు 27. అంటే ఆడిన తీరుకు 27 గెలవాల్సింది, 22 దగ్గర ఆగిపోయింది. ఈ అయిదూ సాధారణంగా ఒక్క పరుగు తేడాతో ఓడిన మ్యాచ్‌లలో దొరుకుతాయి. వాటిని తీసి చూడండి. తొమ్మిదింట ఏడో ఇన్నింగ్స్ దాటాకే ఆధిక్యం పోతోందంటే లోపం రిలీఫ్ పిచ్చర్లది, అంటే మధ్యలో దిగి బంతి విసిరేవాళ్లది. జులై ఆఖరుకు అటూ ఇటూగా ముగిసే ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) గడువులోపు యాజమాన్యం దాన్ని సరిచేసుకోవచ్చు. ఏ తీరూ కనిపించకపోతే అది వట్టి దురదృష్టం, అలాంటిది ఏడాదంతా వెంటాడదు. పరుగుల లెక్క కూడా 22 దగ్గరే తేలిందా, ఇక పట్టిక చెప్పేది నిజమే.

ప్రశ్న: సెప్టెంబరు వచ్చింది. మా జట్టు రెండు ‘గేమ్స్ బ్యాక్’ అంటున్నారు. ఓటములు చూస్తే తేడా ఒక్కటే. ఏది నమ్మాలి? మ్యాజిక్ నంబర్ ఎలా కట్టాలి?

జవాబు: ఓటముల గడినే నమ్మండి. గెలుపులు–ఓటములు మొదటి జట్టువి 85–60, మీవి 82–61 అనుకుందాం. గెలుపుల తేడా 3, ఓటముల తేడా 1. కలిపి సగం చేస్తే 2. గేమ్స్ బ్యాక్ అంటే ఇదే. కాని వాళ్లు 145 ఆడేశారు, మీవాళ్లు ఆడింది 143. రాని గెలుపు రేపు రావచ్చు, పడ్డ ఓటమి చెరగదు. అలాగని వర్షానికి వాయిదాపడ్డ ఆ రెండూ ఉచితంగా దొరికేవీ కావు. ఒకే రోజు రెండు మ్యాచ్‌ల డబుల్‌హెడరో, విశ్రాంతి రోజు వదులుకోవడమో తప్పదు. మ్యాచ్‌ను మొదలుపెట్టే అయిదుగురు స్టార్టింగ్ పిచ్చర్ల వరుస చెదిరి, కింది స్థాయి మైనర్ లీగ్ నుంచి ఆరోవాణ్ణి రప్పించాల్సి రావచ్చు.

మ్యాజిక్ నంబర్‌కు 163లోంచి (162 మ్యాచ్‌లకు ఒకటి కలిపి) మొదటి జట్టు గెలుపులు, రెండో జట్టు ఓటములు తీసేయండి. 163 − 85 − 61 = 17. వాళ్లు గెలిచినప్పుడల్లా ఒకటి, మీరు ఓడినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. సున్నాకు చేరితే డివిజన్ (మీ రెండు జట్లూ ఉన్న గ్రూపు) వాళ్లదే. చాలామంది మరిచేది ఒకటుంది. 2022 నుంచి గెలుపులు సమానమైతే అదనపు మ్యాచ్ పెట్టడం లేదు, ముందుగా ముఖాముఖి ఫలితం చూస్తారు. 2023 నుంచి డివిజన్ ప్రత్యర్థితో ఆడేది 13 మ్యాచ్‌లు. బేసి సంఖ్య కాబట్టి ఏడు గెలిచినవాళ్లదే పైచేయి. ఆ ఏడూ వాళ్ల ఖాతాలో పడి ఉంటే అసలు నంబర్ 17 కాదు, 16. ఏప్రిల్‌లో ఎవరూ పట్టించుకోని ఒక మ్యాచ్ విలువ అప్పుడు తెలుస్తుంది.

డివిజన్ చేజారినా ఒక్కో లీగ్‌కు మూడు వైల్డ్ కార్డులున్నాయి, అంటే డివిజన్ గెలవని జట్లకు ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాతి నాకౌట్ దశలో) ఇచ్చే చోట్లు. ఆ పట్టిక మీద కూడా ఓ కన్నేసి ఉంచండి.

ప్రశ్న: పది రోజుల ఇంజర్డ్ లిస్ట్‌లో (గాయపడ్డవాళ్ల జాబితాలో) పెట్టిన బ్యాటర్ మూడు వారాలైనా తిరిగి రాలేదేం?

జవాబు: పది రోజులన్నది కనీస గడువు మాత్రమే. పిచ్చర్లకైతే 15, పెద్ద గాయాలకు 60. కోలుకున్నాక మైనర్ లీగ్‌లో కొన్ని మ్యాచ్‌లు ఆడించి చూస్తారు. బ్యాటర్లను 20 రోజుల దాకా, పిచ్చర్లను 30 రోజుల దాకా అలా ఉంచవచ్చు. ఆ కబురు వచ్చాకే రోజులు లెక్కపెట్టుకోండి. పిచ్చర్‌కు మోచేతి లిగమెంట్ సర్జరీ అని వింటే మాత్రం ఈ సీజన్‌కు అతణ్ణి మరిచిపోవడమే.

ప్రశ్న: మేజర్ లీగ్ మ్యాచ్‌లు ఆన్‌లైన్‌లో చూపించే ఎంఎల్‌బీ టీవీకి చందా కట్టాం. అన్ని జట్ల మ్యాచ్‌లూ వస్తున్నాయి, మా ఊరి జట్టుది తప్ప!

జవాబు: దాన్ని బ్లాకౌట్ అంటారు. మామూలు చందా మీ ప్రాంతం బయటి జట్ల కోసం ఉద్దేశించినది. స్థానిక జట్టు ప్రసార హక్కులు వేరుగా అమ్ముడవుతాయి, కాబట్టి జట్టు వేరే ఊళ్లో ఆడినా మీకు రాదు. ఒక్కో చోట చాలా జట్లకు ఈ నిషేధం ఉంటుంది. సొంత జట్టే లేని అయోవా రాష్ట్రంలో ఏళ్ల తరబడి ఆరు జట్ల మ్యాచ్‌లు రాలేదంటే ఈ పద్ధతి ఎంత అసంబద్ధమో చూడండి. కట్టేముందు సైట్‌లో మీ జిప్ కోడ్ (అమెరికా పిన్ కోడ్) కొట్టి ఏ జట్లు రావో చూసుకోవాలి. రేడియో వ్యాఖ్యానానికి ఈ అడ్డు లేదు. మ్యాచ్ ముగిశాక కొంతసేపటికి పూర్తి రికార్డింగ్ కూడా దొరుకుతుంది. అది చూడాలనుకుంటే యాప్‌లో స్కోర్లు దాచే సెట్టింగ్ ముందే ఆన్ చేసి, నోటిఫికేషన్లు ఆపేయండి.