విభాగాల విలీనం తర్వాత సైకాలజిస్టుల పని ఎలా మారుతుంది?

మీ ఆసుపత్రిలో మానసిక ఆరోగ్య విభాగాన్ని మరో విభాగంలో కలిపేస్తున్నారని, దాంతో సైకాలజిస్టుల పని ఎలా ఉంటుందని అడిగారు. నేనూ ప్రభుత్వ వ్యవస్థలోనే క్లినికల్ సైకాలజిస్టుని. ఇలాంటి విలీనం మాకూ జరిగింది.

గది, పై అధికారి, బోర్డు మీద పేరు మారడం పెద్ద సమస్య కాదు, కొన్నాళ్లకి అలవాటైపోతుంది. అసలు చిక్కు అపాయింట్‌మెంట్ల పట్టిక మన చేతిలోంచి పోవడం. ఎవరిని వారానికోసారి చూడాలో, ఎవరికి నెలకోసారి చాలో ఇదివరకు మేమే తేల్చుకునేవాళ్లం. తర్వాత అది ఆఫీసు పని అయింది. వెయిటింగ్ లిస్టు తగ్గాలి కాబట్టి స్లాట్లన్నీ కొత్తవాళ్లకే. మొదటిసారి వచ్చినవాళ్లని త్వరగానే చూసేవాళ్లం, రెండోసారికి మాత్రం తేదీ దొరికేది కాదు. లెక్కల్లో లిస్టు తగ్గింది మరి!

పీహెచ్‌క్యూ-9 కూడా తప్పనిసరి చేశారు. డిప్రెషన్ తీవ్రతని తొమ్మిది ప్రశ్నలతో, 27 మార్కులకి కొలిచే ఫారం అది. మంచి సాధనమే, దానితో నాకు పేచీ లేదు. కానీ ఆఫీసుకి వెళ్లేది మొత్తం స్కోరు ఒక్కటే. ఒకరి స్కోరు 19 నుంచి 12కి దిగింది. నిద్ర, ఆకలి నిజంగానే బాగుపడ్డాయి. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి జవాబు మాత్రం 'దాదాపు ప్రతిరోజూ' దగ్గరే ఉంది. 'మెరుగుపడ్డారు, సెషన్లు ముగించండి' అని కాగితం వస్తే, దాని మీదే ఆ జవాబు విడిగా రాసి తిప్పి పంపాను. సెషన్లు కొనసాగాయి.

(ఒక మేలూ జరిగింది: మిగతా వార్డుల డాక్టర్లు నేరుగా మమ్మల్ని పిలవడం మొదలుపెట్టారు.)

చాలామంది పట్టించుకోనిది సూపర్‌విజన్. సీనియర్‌తో కూర్చుని కేసులు మాట్లాడుకునే ఆ గంట కాస్తా రివ్యూ మీటింగ్ అయిపోయింది. 'ఈ పేషెంటు విషయంలో నాకేం పాలుపోవడం లేదు' అని మన పనికి మార్కులు వేసే అధికారి ముందు ఎవరంటారు? మా జూనియర్లు డీలా పడింది పనిభారం కన్నా దీనివల్లే అని నా నమ్మకం.

అందుకని మీరు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: తర్వాతి సెషన్ ఎప్పుడన్నది ఎవరు నిర్ణయిస్తారు, సూపర్‌విజన్‌ని పనితీరు మదింపు నుంచి వేరుగా ఉంచుతారా, రికార్డులు కలిశాక మన సెషన్ నోట్సు ఎవరెవరికి కనిపిస్తాయి. మూడోది పేషెంటుకీ ముందే చెప్పాల్సిన సంగతి. ఉత్తర్వులు వచ్చేశాక అడిగితే 'చూద్దాం' అంటారు, ముసాయిదా దశలో ఉండగానే అడగండి.