‘పంపు ఒక్కటే పోయింది’ అంటే నమ్మకండి

తణుకు దగ్గర పదేళ్ల డీజిల్ కారు లక్షకి వస్తోంది, డీజిల్ పంపు ఒక్కటే పోయిందట, తీసుకోవచ్చా అని అడిగారు. ఆ ‘ఒక్కటే’ అన్న మాట దగ్గరే ఆగండి. ఒత్తిడి పెంచే పెద్ద పంపు అయితే చాలాసార్లు ఒంటరిగా పోదండి, ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లని కూడా పట్టుకుపోతుంది.

నాలుగేళ్ల కిందట ఆకివీడు వైపు ఒక రొయ్యల చెరువు రైతు దగ్గర సరిగ్గా ఇలాంటి బండే కొన్నాను. 1.3 లీటర్ ఇంజను, 95,000. మధ్యవర్తి ‘ఆయ్, పాతికవేలు పెడితే గుర్రంలా పరిగెడద్దండి’ అన్నాడు. ట్రాక్టరుకి కట్టి భీమవరం లాక్కొచ్చాం. మెకానిక్ 22,000కి సెకండ్ హ్యాండ్ పంపు బిగించాడు. తాళం తిప్పగానే స్టార్టయింది. మా ఆవిడ కొబ్బరికాయ కూడా కొట్టింది.

ఐదో రోజు మా అక్కని రావులపాలెంలో దింపడానికి బయల్దేరాం. సిద్ధాంతం వంతెన సగానికి వచ్చేసరికి, ఎంత తొక్కినా బండి లాగట్లేదు. రెండుసార్లు కుదిపి ఆగిపోయింది. వెనక లారీల హారన్లు. కింద వశిష్ట గోదావరి నిండుగా ఉంది. అక్క పిల్లాణ్ణి చంకనేసుకుని రెయిలింగు వార నిలబడి ‘ఒరేయ్, ముందు బండిని పక్కకి తోయించరా’ అని కేకలు. ఆ రోజు నా గుండె కొట్టుకున్న తీరు ఇంకా గుర్తుంది.

రావులపాలెంలో ఒక పెద్దాయన చూశాడు. ఇంజను జోలికే పోలేదు. డీజిల్ ఫిల్టర్ విప్పి, అందులోది స్టీలు పళ్లెంలో పోసి ఎండలోకి తెచ్చాడు. అడుగున నీళ్ల బొట్లు, వాటి చుట్టూ జరీ పొడిలా మెరుపు. ‘పంపు మార్చారు సరే, పాత పంపు అరిగి రాల్చిన పొడి ఎక్కడికి పోయిందనుకున్నారు బాబూ?’ అన్నాడు.

విషయమంతా అదేనండి. ఈ కార్లలో పంపు డీజిల్‌ని ఒత్తి, ఇంజెక్టర్లన్నిటికీ కలిపి ఉన్న ఒక గొట్టంలోకి పంపుతుంది, దాన్నే కామన్ రైల్ అంటారు. ఆ పంపుకి వేరే ఆయిల్ ఉండదు, డీజిలే దానికి కందెన. నీళ్లు కలిస్తే ఇనుము ఇనుముని రాసుకుని పొడి రాలుతుంది. టైరులో గాలి 2 బార్లుంటే ఆ రైల్లో ఒత్తిడి 1,600 బార్ల దాకా పోతుంది. ఆ ఒత్తిడి మీద పొడి ఇంజెక్టర్లలోకి దూరుతుంది, మిగిలింది రిటర్న్ పైపులోంచి ట్యాంకులోకి వస్తుంది, అక్కణ్ణించి మళ్లీ చుట్టు తిరుగుతుంది. ట్యాంకు దింపి కడిగించి, పైపులు, రైలు మార్చి, నాలుగు ఇంజెక్టర్లు బాగుచేయించి, మళ్లీ పంపు వేయించేసరికి ఇంకో 88,000 అయింది.

అసలు నా బాధ చెరువుల మీద డీజిల్ డ్రమ్ముల గురించి. జనరేటర్ కోసం తెచ్చిన డ్రమ్ము మూత సరిగ్గా లేకుండా వానలో, ఉప్పుగాలిలో నెలల తరబడి ఉంటుంది. సగం ఖాళీ అయిన డ్రమ్ములో రాత్రి చల్లదనానికి లోపలే చెమ్మ పడుతుంది. అందులోంచే పైపుతో లాగి కారులో పోస్తారు. పాత జనరేటర్ ఇంజను దాన్ని తట్టుకుంటుందేమో గానీ, ఈ కార్లు తట్టుకోలేవు. మన కోనసీమలో, భీమవరం చుట్టుపక్కల పోయిన పంపుల్లో సగానికి పైగా ఈ డ్రమ్ముల వల్లేనని నేను గట్టిగా నమ్ముతాను. ఫిల్టర్ అడుగున నీళ్లు వదలడానికి ఒక స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పిన యజమానిని నేనింతవరకూ చూళ్లేదు.

మీ బండి సంగతికొస్తే, పోయింది ఏ పంపో ముందు అడగండి. కొన్నిటికి ట్యాంకులో చిన్న పంపు వేరే ఉంటుంది. అదో, దాని ఫ్యూజో, రిలేనో పోయి ఉంటే మీ అదృష్టం, ఖర్చు తక్కువే. పెద్ద పంపే అయితే మీ మెకానిక్‌ని తీసుకెళ్లి, ఫిల్టర్ విప్పించి పళ్లెంలో పోయించండి. మెరుపు కనిపిస్తే లక్ష కాదు, యాభై వేలకిచ్చినా వద్దు. విప్పనివ్వకపోతే అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చెయ్యండి.