బొమ్మలన్నీ అమ్మేయాలా? పెట్టెలు తెరిచే ముందు ఒక కాగితం తీసుకోండి

గుంటూరు బ్రాడీపేటలో సొంతిల్లు అమ్మి ఫ్లాట్‌కి మారుతున్నామని రాశారు. చిన్నప్పటి నుంచీ పోగేసిన 800 బొమ్మలున్నాయి, కొండపల్లివి, ఏటికొప్పాకవి, కీ ఇచ్చే రేకు బొమ్మలు, చిన్న కార్లు, జి.ఐ. జో అనే ప్లాస్టిక్ సిపాయి బొమ్మలు. పిల్లలు పట్టించుకోవడం లేదు. ఒక వ్యాపారి అన్నీ కలిపి లక్షన్నర ఇస్తానంటున్నాడు. అమ్మేస్తే తర్వాత ఏడుస్తానేమో అన్నారు. ఆ మాట దగ్గరే ఆగిపోయానండి, ఎందుకంటే రెండేళ్లపాటు నేనూ అదే అనుకుంటూ తిరిగాను.

మాది విజయవాడ సత్యనారాయణపురం. నాకు అరవై దాటాయి. నా దగ్గర 610 బొమ్మలుండేవి, ఇప్పుడు 96 ఉన్నాయి. పోయినవాటిలో సగానికి పైగా నా చేతులతో నేనే ఇచ్చేశాను. కొన్నిటిని నీళ్లు తీసుకుపోయాయి.

2022లో మేమూ ఇల్లు ఖాళీ చేసి ఫ్లాట్‌లోకి వచ్చాం. పట్టినన్ని తెచ్చుకుని, మిగతావి నాలుగు ట్రంకు పెట్టెల్లో సర్ది సింగ్‌నగర్‌లో మా తమ్ముడి ఇంట్లో, కింది గదిలో పెట్టాను. "కొన్నాళ్లు ఉంచరా, చోటు చూసుకుని తీసుకెళ్తాను" అన్నాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఊరి మీదికి వచ్చింది. తమ్ముడు వాళ్లు మేడ మీదికి ఎక్కి, తర్వాత పడవలో బయటపడ్డారు. మనుషులు దక్కారు, అంతే చాలు అనుకున్నాం. కానీ ఆ ఇంట్లోకి మళ్లీ అడుగు పెట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఆ తొమ్మిది రోజులూ రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. పాత నోటుపుస్తకం తీసుకుని ఆ నాలుగు పెట్టెల్లో ఏమేం ఉన్నాయో గుర్తు చేసుకుంటూ రాశాను. 1992 పుష్కరాల్లో కొన్న ఎద్దుల బండి. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చిన రాజూ రాణీ. తాడిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు. మా పిన్ని ఏటికొప్పాక నుంచి తెచ్చిన లక్క పిడతలు. అలా రాస్తూ పోతే తొమ్మిదో రాత్రికి 58 అయ్యాయి. పెట్టెల్లో ఉన్నవి 310.

మిగతా 250 ఏవో నాకు తెలియనే తెలియదు. నా ప్రాణం అనుకున్న బొమ్మలే అవి.

పెట్టె తెరిచినప్పుడు చూసింది చెప్తాను, ఎందుకంటే కొండపల్లి బొమ్మలు మీకూ ఉన్నాయి. కొండపల్లి బొమ్మ ఒకటే చెక్క కాదు. పొణికి చెక్కతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. దాని మీద సుద్ద పూసి, ఆరాక రంగు వేస్తారు. నీళ్లలో అన్ని రోజులు నానేసరికి మక్కు కరిగిపోయింది. ట్రంకులో నిలిచిన నీళ్లు వసంతం కలిపినట్టున్నాయి. పొణికి తేలిక చెక్క కదా, ముక్కలన్నీ పైకి తేలి మూతకి అంటుకుని ఉన్నాయి. అంబారీ ఏనుగు తొండం ఒకచోట, మావటివాడి చెయ్యి ఒకచోట. రాజు ముఖం మీద మీసం లేదు, కళ్లు లేవు, తెల్లగా చెక్క ఒక్కటే మిగిలింది. మా తమ్ముడి భార్య నా చేతిలోంచి ఆ ముక్క తీసుకుని గుడ్డలో చుట్టింది. ఆ రోజు ఇక ఇంకో పెట్టె తెరవనివ్వలేదు.

ఏటికొప్పాకవి మాత్రం బతికాయి. అవి అంకుడు కర్రతో చేస్తారు. లేత్ మీద తిరుగుతుండగా లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి కర్రకి పట్టేస్తుంది, పైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. కాస్త మెరుపు తగ్గింది, అంతే. కార్లు కూడా కడిగితే వచ్చాయి కానీ కొన్నప్పుడు వాటితో వచ్చిన ప్యాకింగ్ అట్టలన్నీ గుజ్జయిపోయాయి. నాలుగు పెట్టెల్లో 220 దాకా పోయాయి.

అందుకే ముందు మీరు చేయాల్సింది ఇదీ. పెట్టెలు తెరవకండి. తెరిస్తే ప్రతి బొమ్మా ముద్దొస్తుంది, ఒక్కటీ వదలబుద్ధి కాదు, మళ్లీ మూత వేసేస్తారు. ముందు కాగితం తీసుకుని గుర్తున్నవి రాయండి. ఒక్క రోజులో కాదు, వారం పది రోజులు తీరిగ్గా రాయండి. పక్కన అది ఎలా వచ్చిందో ఒక్క మాట రాసుకోండి: ఎవరిచ్చారు, ఎక్కడ కొన్నారు, అప్పుడు పక్కన ఎవరున్నారు. ఆ మాట రాయగలిగిన బొమ్మ మీది. సెట్టులో ఒకటి తక్కువైందని కొన్నదీ, చవగ్గా వచ్చిందని కొన్నదీ, ఇంకొకరి దగ్గర చూసి కొన్నదీ ఆ కాగితం మీదికి రాదు. నా 610లో అలా కొన్నవే ఎక్కువని కాగితం చూశాకే తెలిసింది. వాటిని అమ్మడానికి నాకు బాధ వేయలేదు. నిజం చెప్తున్నాను, ఒక్కదానికీ వేయలేదు.

పిల్లల సంగతి. మీరు "మీకు కావాలా?" అని అడిగి ఉంటారు. నేనూ అలాగే అడిగాను, మా అబ్బాయి పుణె నుంచి "వద్దమ్మా, ఎక్కడ పెట్టుకోను" అన్నాడు, అమ్మాయీ అదే మాట. తర్వాత ఉన్నవాటి ఫొటోలు తీసి పంపి "వీటిలో ఏవి?" అని అడిగాను. అమ్మాయి 12 ఎంచుకుంది. అందులో నేను ఊహించినవి రెండే. అన్నిటికన్నా ముందు అడిగింది మట్టి పోలీసు బొమ్మ, ముక్కు చెదిరినది. సంక్రాంతి బొమ్మల కొలువులో మెట్ల కింద కాపలాగా ఆ పోలీసుని నిలబెట్టడం చిన్నప్పుడు తన పని అట. నాకు గుర్తే లేదు. ఆ బొమ్మని నేను పారేసే వాటిలో పెట్టాను. కాబట్టి మీ పిల్లలకి ఫొటోలు పంపకుండా ఒక్క బొమ్మ కూడా గడప దాటనివ్వకండి.

ఇక అమ్మకం. వ్యాపారి "అన్నీ కలిపి" అన్న మాటని నేను నమ్మను, నా అనుభవం అలాంటిది. వరద తర్వాత ఇల్లంతా చూస్తే దిగులేసి, రేకు బొమ్మలు 40 ఒకాయనకి ఇచ్చేస్తానని ఒప్పుకున్నాను. ఫోన్‌లో ఒక ధర చెప్పాడు. వచ్చిన రోజున నేల మీద పరిచి మంచివి పదిహేను పక్కన పెట్టి, మిగతావి తుప్పు పట్టాయి, కీ తిరగడం లేదు అంటూ ధర సగానికి తెచ్చాడు. అప్పటికే గది ఖాళీ అవుతుందన్న ఆశలో ఉన్నాను, సరే అనేశాను. అందులో చక్రాల మీద డప్పు కొట్టుకుంటూ పోయే కోతి ఉంది. అది నా కాగితం మీద ఉన్న బొమ్మ. మర్నాడు ఫోన్ చేస్తే అమ్మేశానన్నాడు. మీరన్న ఏడుపు అదే. అమ్మినందుకు కాదు, చూసుకోకుండా అమ్మినందుకు.

ఆ తర్వాత ఏడాది పైగా పట్టినా విడివిడిగానే ఇచ్చాను. కొండపల్లివీ ఏటికొప్పాకవీ సేకరించేవాళ్లకన్నా కొలువు పెట్టేవాళ్లే బాగా కొంటారు. మార్గశిరం రాగానే కొలువు బొమ్మల కోసం వెతుకులాట మొదలవుతుంది, మీ వైపు దసరాకి పెట్టేవాళ్లుంటే భాద్రపదంలో. మా దశావతారాల సెట్టు మంగళగిరి నుంచి వచ్చిన కొత్త దంపతులు తీసుకెళ్లారు, మొదటి కొలువట. సంక్రాంతికి మెట్ల మీద పెట్టి ఫొటో పంపారు. ధర మాత్రం పెద్దగా ఆశించకండి. కొండపల్లి బొమ్మలు ఇప్పటికీ చేస్తున్నారు, కొత్తవి దొరుకుతాయి, కాబట్టి పాతవైనంత మాత్రాన వేలకి వేలు రావు.

కార్లూ జి.ఐ. జోలూ వేరే లెక్క. అక్కడ అట్ట, డబ్బా ఉన్నదానికీ విడిగా ఉన్నదానికీ ధరలో పోలికే ఉండదు. మా అబ్బాయి కోసమని బీసెంట్ రోడ్డులో మొదలుపెట్టి నాకోసం కొనుక్కుంటూ పోయినవి నావి, గుజ్జయిన అట్టల్ని చూసి, కార్లు సేకరించే పిల్లవాడొకడు తల పట్టుకున్నాడు. హాట్ వీల్స్ కంపెనీ చిన్న కారు అడుగున ఉండే సంవత్సరం చూసి మోసపోకండి, అది ఆ మోడల్‌కి హక్కు తీసుకున్న ఏడాది. కారు తయారైంది ఎన్నో ఏళ్ల తర్వాతైనా అదే అంకె ఉంటుంది. మన దేశంలో లియో మ్యాటెల్ పేరుతో తయారైన హాట్ వీల్స్ కార్లు ఉన్నాయేమో అడుగు భాగం చూసి విడిగా తీయండి, వాటిని అడిగేవాళ్లు వేరే ఉన్నారు. మన దేశంలో ఫన్‌స్కూల్ కంపెనీ వాళ్లు చేసిన జి.ఐ. జోలకి కూడా బయటి దేశాల్లో సేకరించేవాళ్లున్నారు. నడుము దగ్గర రెండు ముక్కలైనవి ఉంటే పారేయకండి. లోపల చిన్న రబ్బరు రింగు ఉంటుంది, ఎండి తెగుతుంది, అది మారిస్తే బొమ్మ మళ్లీ నిలబడుతుంది. తుపాకులూ సంచులూ విడిగా పడి ఉంటే ఏరి ఒక పొట్లంలో పెట్టండి.

అమ్మే ముందు ముస్తాబు చేద్దామని మాత్రం అనుకోవద్దు. విరిగిన కొండపల్లి బొమ్మలు 20 దాకా కొండపల్లి తీసుకెళ్తే, అక్కడ ఒక పెద్దాయన మక్కు పెట్టి అతికించి ఇచ్చాడు కానీ రంగు వేయమంటే ఒప్పుకోలేదు. "పాత రంగు పోతే మళ్లీ రాదమ్మా, ఇది ఇలాగే ఉండనీ" అన్నాడు. ఇప్పటి ఎనామెల్ రంగుల మెరుపు పాత బొమ్మకి ఉండదు, తెలిసినవాళ్లు ఆ తేడానే చూస్తారు. రేకు బొమ్మల తుప్పు గీకద్దు.

అనాథాశ్రమానికి ఇచ్చేయమని మీకు చాలామంది చెప్తారు. మంచి మనసుతోనే చెప్తారు. కానీ పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ఆటబొమ్మలకి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయ్యింది 2021 జనవరి 1 నుంచే. మీ రేకు బొమ్మలూ పాత ప్లాస్టిక్ బొమ్మలూ అంతకు చాలా ముందువి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల చేతికి వాటిని ఇవ్వకండి. పంచాలనిపిస్తే కొత్త ఏటికొప్పాక బొమ్మలు కొని పంచండి.

ఉంచుకునేవి ఎన్ని అంటే, ఏడాదికి ఒకసారి మీ చేతులతో దించి తుడవగలిగినన్ని. నాకు అది వందలోపు. అటక మీద పదేళ్లు పడి ఉన్న బొమ్మని ఉంచుకున్నాం అనలేం. పొణికి మెత్తని చెక్క, పురుగు పడితే బొమ్మ కింద పిండిలా పొడి రాలుతుంది. అది కనిపించిన వెంటనే ఆ ఒక్కదాన్ని వేరు చేయకపోతే పక్కవాటికీ పాకుతుంది. చెక్క బొమ్మల దగ్గర పెట్టే కలరా ఉండలు ప్లాస్టిక్ బొమ్మల పెట్టెలో వేయకండి. నేను వేశాను. ఒక ప్లాస్టిక్ లారీ పైకప్పు మెత్తబడి, ఉండ అందులో గుంట చేసుకుని కూర్చుంది.

మా ఇంట్లో ఇప్పుడు తొమ్మిది మెట్ల కొలువు లేదు, మూడు మెట్లే. మొన్న సంక్రాంతికి అమ్మాయి హైదరాబాదు నుంచి వస్తూ పోలీసుని చేతిసంచిలో తువ్వాలు చుట్టి తెచ్చింది. నేను మెట్లు సర్దుతుంటే వంగి మెట్ల కింద నిలబెట్టింది, వెళ్లేటప్పుడు మళ్లీ తీసుకెళ్లిపోయింది.

వ్యాపారి తొందర పెడుతున్నాడని రాశారు కదా. ఇల్లు మారే తేదీ మీది, ఆయనది కాదు. సంక్రాంతి అయ్యాక మాట్లాడతానని చెప్పండి. ఈలోగా ప్యాకింగ్ వాళ్లు వచ్చి పెట్టెల మీద చెయ్యి వేయకముందే ఆ కాగితం మొదలుపెట్టండి. కొండపల్లి వైపు వచ్చే పని పడితే ఇక్కడే ఒక మాట రాయండి, ఆ పెద్దాయన ఇంటికి నేనే తీసుకెళ్తాను.