పాత కారుకు వేరే ఇంజన్ ఎక్కించవచ్చా?

ప్రశ్న: మా పెట్రోల్ కారు కొని 20 ఏళ్లయింది. బాడీకి తుప్పు లేదు. ఇంజన్ మాత్రం నీలం పొగ వదులుతోంది, ఆయిల్ తాగుతోంది. ఇంజన్ మార్పించాలా? ఎలాగూ మారుస్తున్నాం కదా అని ఇంకాస్త పెద్దది పెట్టించుకోవచ్చా?

జవాబు: ఉన్న ఇంజన్ నిజంగా పోయిందో లేదో ముందు తేల్చుకోండి. పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త పొగ వచ్చి ఆగిపోతుంటే చాలాసార్లు అది వాల్వ్ సీళ్ల పనే. వాటికోసం ఇంజన్ దించనక్కర్లేదు. లోడు మీద యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులను అనుమానించాలి.

కంప్రెషన్, అంటే సిలిండర్లలో పుట్టే ఒత్తిడి ఎంతో, గేజ్‌తో చూపించండి. ఇంజన్ వేడెక్కాక ఇంధనం, ఇగ్నిషన్ కట్ చేసి, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. మామూలు పెట్రోల్ ఇంజన్ మంచి స్థితిలో ఉంటే దాదాపు 150–180 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చూపిస్తుంది. మీ కారు మాన్యువల్‌లో అంకె వేరే ఉంటే దాన్నే నమ్మండి. సిలిండర్ల మధ్య తేడా 10–15 శాతం మించకూడదు. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక టీస్పూన్ ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. పెరగకపోతే లోపం వాల్వుల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉంది.

బోరే అరిగితే రెండు దారులు. బోరు చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయిస్తే పాత బ్లాకు, పాత ఇంజన్ నంబరు అలాగే ఉంటాయి. టైమ్ పడుతుంది, మెషిన్ షాపు పనితనం మీద ఆధారపడాలి. అదే కోడ్ (ఇంజన్ రకం గుర్తు) ఉన్న ఇంకో ఇంజన్ తెచ్చి ఎక్కిస్తే పని త్వరగా తెములుతుంది. మౌంటింగులు, వైరింగు, గేర్‌బాక్స్ అన్నీ సరిపోతాయి.

పెద్ద ఇంజన్ విషయంలో మా సలహా: వద్దు. ఖర్చులో ఇంజన్ ధర చిన్న భాగమే అవుతుంది. ఇంజన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే బెల్ హౌసింగ్ బోల్టులు కలవకపోతే అడాప్టర్ ప్లేటు కావాలి. పెరిగిన టార్క్‌కు (తిప్పే బలానికి) క్లచ్, డ్రైవ్ షాఫ్టులు తట్టుకోవాలి. రేడియేటర్, బ్రేకులు, ముందు స్ప్రింగులు కూడా మార్చాల్సి రావచ్చు. కార్బురేటర్ కారులో ఇంజెక్షన్ ఇంజన్ పెడితే ఇంధనం దగ్గరే చిక్కొస్తుంది. పాత పంపు ఇచ్చేది 3–5 పీఎస్ఐ, ఇంజెక్టర్లు అడిగేది 40 పైచిలుకు. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), వైరింగ్ హార్నెస్, ఇమ్మొబిలైజర్ (దొంగతనం ఆపే ఎలక్ట్రానిక్ లాక్), దాని తాళంచెవి ఒకే కారు నుంచి రాకపోతే సెల్ఫ్ తిరుగుతుంది గాని బండి స్టార్ట్ కాదు. సగంలో ఆగిపోయిన మార్పిళ్లు ఎక్కువగా ఈ వైరింగ్ దగ్గరే ఆగుతాయి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ ఇంజన్ కొనేటప్పుడు ఏం చూడాలి?

జవాబు: క్రాంక్ బోల్టుకు స్పానర్ పెట్టి రెండు పూర్తి చుట్లు తిప్పండి, ఎక్కడా పట్టేయకూడదు. ఆయిల్ క్యాప్ కింద మీగడలాంటి మడ్డి మందంగా పేరుకుంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో చూడాలి. ఇంజన్ కారులోకి ఎక్కించకముందే క్రాంక్ వెనక ఆయిల్ సీల్, టైమింగ్ బెల్ట్, వాటర్ పంపు, థర్మోస్టాట్, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కొత్తవి వేయించండి. క్రాంక్ వెనక సీల్ తర్వాత కారితే గేర్‌బాక్స్ మళ్లీ దించాల్సిందే. ఆటోమేటిక్ అయితే బోల్టులు బిగించేముందు టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించేది) లోపలికి పూర్తిగా కూర్చుందో లేదో చూడాలి. లేకపోతే గేర్‌బాక్స్ ఆయిల్ పంపు పగులుతుంది.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఇంధనం కట్ చేసి, ఆయిల్ లైటు ఆరేదాకా కొద్దికొద్దిగా సెల్ఫ్ కొట్టాలి. కూలెంట్‌లో గాలి మిగలకుండా తీసేయాలి. ఇంజన్ నంబరు రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండే చోట కొన్న రసీదు భద్రంగా ఉంచి, మార్పు నమోదు చేయించండి.

ప్రశ్న: పెట్రోల్ కారులో డీజిల్ ఇంజన్?

జవాబు: బరువు, గేర్ నిష్పత్తుల తేడా అందరికీ గుర్తుంటుంది. మరిచిపోయేది వాక్యూమ్. పెట్రోల్ ఇంజన్‌లో బ్రేక్ పెడల్‌ను తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌కు ఇన్‌టేక్ నుంచి వాక్యూమ్ అందుతుంది, డీజిల్‌లో అది చాలదు. విడిగా వాక్యూమ్ పంపు పెట్టకపోతే బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది.